సప్తసంతానములును జీవితసాఫల్యమును: మంజీరాతీరమునుండి యొక పరిశీలనము

మానవుని జీవితము సఫలమైనదని యెప్పుడు చెప్పవలెను? ఈ ప్రశ్నకు దర్శనగ్రంథములు చెప్పు సమాధానము వేఱు, తెలుగుదేశపు శిలలమీదను రాగిరేకులమీదను నిలిచిన సమాధానము వేఱు. మొదటిది పురుషార్థవిచారముతో నారంభమై మోక్షమున ముగియును. రెండవది చెఱువుగట్టుకడను, గుడివాకిటను, అగ్రహారపు పొలిమేరను కనబడును. తనయుడు, తటాకము, కృతి, నిధానము, దేవాలయము, వనము, భూసురప్రతిష్ఠ యనునవి సప్తసంతానములని మనవారు లెక్కించిరి. సంతానమనగా బిడ్డలని మాత్రమే నేటివ్యవహారమున నర్థము నిలిచినది గాని, ఆ పదము విస్తరించుట, తెగక సాగుట యను నర్థములుగల ధాతువునుండి పుట్టినది. కర్త గతించిన తరువాత తెగక సాగునది యేదో యది సంతానము. ఈ యేడింటిలో నొక్కటి మాత్రమే గర్భమున బుట్టునది, తక్కిన యాఱును చేతిపనివలనను, ధనమువలనను, బుద్ధివలనను గలుగునవి. ఒక జాతి తన పెద్దల బ్రదుకులను గొలుచుటకు ఇట్టి పట్టికను నిర్మించుకొనుట సామాన్యవిషయము కాదు. అయితే ఆ కొలత యెంతవఱకు నిలుచును, ఎచ్చట విఱుగును, కొలుచువారెవరు అను విషయములు శ్లోకములవలన దేలునవి కావు. దేశచరిత్రలో బెట్టి పరీక్షింపవలసినవి.

అట్టి పరీక్షకు మంజీరాతీరము తగిన తావు. కామారెడ్డిమండలమున బాన్సువాడ విభాగమునకు జేరిన పిట్లము నడుమనుంచుకొని చూచినచో వాయవ్యమున కౌలాసుదుర్గము, తూర్పున నిజాముసాగరము, ఆ తూర్పుననే మఱికొంత దవ్వున బిక్కనూరు, దోమకొండ కనబడును. సంగారెడ్డినుండి నాందేడునకు బోవు రహదారి పిట్లము మీదుగా బోవును. దక్కనునకును తెలుగుసీమకును నడుమనున్న యీ సంధిప్రదేశమున ఓడిన రాజులు, కావ్యము వ్రాసిన ప్రభువు, చెఱసాలకేగిన జమీందారు, నదికడ్డముగా గట్టగట్టిన స్థపతి వేర్వేఱు శతాబ్దములందు గోచరింతురు. వారిలో నెవ్వని జీవితము సఫలమనుట యనునదియే యిచ్చటి విచారము.

ముందుగా కొలబద్దలనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమునందు శకుంతల దుష్యంతుని సభలో నిలిచి యొక సోపానమును నిర్మించును. నూఱు నూతులకంటె నొక బావి మేలు, నూఱు బావులకంటె నొక క్రతువు, నూఱు క్రతువులకంటె నొక సుతుడు, అట్టి నూర్వురు సుతులకంటె నొక సత్యవాక్యము మేలని యామె వాదము. సంస్కృతమూలముననున్న యీ క్రమమునే నన్నయ గ్రహించెను. దీనియందు గమనింపదగినది, సంతానములలో బ్రధానమని లోకము భావించు పుత్రుడు చివరిమెట్టు కాకపోవుట. పుత్రుని చేతబట్టుకొని వచ్చిన తల్లియే, ఆ పుత్రుని రాజు స్వీకరింపవలెనని వేడుచున్న తల్లియే, పుత్రునికంటె మాట గొప్పదనుచున్నది. తక్కిన మెట్లన్నియు ధనముగలవారికి సాధ్యములు. నుయ్యి త్రవ్వించుటకు పైకము కావలెను, క్రతువునకు మఱింత కావలెను. సత్యమునకు మాత్రము ధనముతో బనిలేదు. ఆ సభలో శకుంతలకు మిగిలిన సొమ్మదియే.

పదునాఱవ శతాబ్దమునకు వచ్చునప్పటికి కొలబద్ద మాఱినది. మనుచరిత్రావతారికయందు కృష్ణదేవరాయలు పెద్దనను కృతి వేడుచు సప్తసంతానములలో ఖిలము కానిది కృతియే యని పలుకును. రాజు పలికినట్లు చెప్పిన పలుకే యైనను, వ్రాసినవాడు కవి యని మఱవరాదు. కృతి యన్నిటికంటె మేలని కవి చెప్పుటలో స్వార్థము లేదనలేము. అయినను కాలము కవిపక్షముననే తీర్పిచ్చినది. విజయనగరమున నాటి రాజమందిరములు పీఠములు మాత్రమే మిగిలియుండగా మనుచరిత్రము నేటికిని పాఠశాలలందు చదువబడుచున్నది.

ఈ రెండు కొలతల నడిమికాలమునకు జెందినది పొరుమామిళ్ల శాసనము. క్రీ. శ. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరముగలవాడు, నేటి కడపమండలమున అనంతరాజసాగరమను తటాకమును నిర్మించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము దానికి బట్టినవని యా శాసనమే చెప్పుచున్నది. అంతటితో నాగక, తటాకనిర్మాణమునకు పండ్రెండు సాధనములను, పరిహరింపవలసిన యాఱు దోషములను లెక్కించినది. జలశాస్త్రము నెఱిగిన పండితుడు, గట్టిమన్ను గల నేల, తీయనినీటి నది, రాతిగని, నేర్పరులగు పనివాండ్ర సమూహము మున్నగునవి యా సాధనములు. వానిలో మొట్టమొదటిది మాత్రము విచిత్రముగ దోచును. ధర్మాత్ముడును, ధనవంతుడును, సుఖియును, శాశ్వతమైన యశోధనమును గోరువాడును నగు రాజు అనునది యది. కీర్తికాంక్షను శాసనకర్త గుణముగను గాని దోషముగను గాని చెప్పలేదు. మన్నునకును రాళ్లకును సరిగా దానినొక సాధనముగ లెక్కించినాడు. గట్టు నిలుచుటకు రాయి యెట్లవసరమో, పని సాగుటకు పేరునందాస యట్లవసరమని యాతని యభిప్రాయము. కీర్తిని నిరసించు వేదాంతులు దీనినేమందురో గాని, పని చేయించినవాని యనుభవము దీనియందు బలుకుచున్నది. ఆఱు దోషములలో నొకటి రెండు రాజ్యముల యెల్లలో తటాకముండుట. ఈ దోషప్రసక్తి ముందు మరల రాగలదు.

ఇక కౌలాసుదుర్గము. పిట్లమునకు అనతిదూరమున, జుక్కలు మండలములోనున్న యీ కోట కాకతీయరాజ్యపతనానంతరము తెలుగువారికిని దక్కను సుల్తానులకును నడుమ వైరకారణమైనది. దీనితో ముడివడిన జీవితము ముసునూరి కాపయనాయకునిది. 1323లో ఓరుగల్లు పడినది; ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి గొనిపోబడుచు దారిలో మరణించెను. ఆ వెనుకటి స్థితిని విలస తామ్రశాసనము వర్ణించుచున్నది. అగ్రహారములు హరింపబడినవి, పైరు పండించువాని పంట వానికి దక్కకపోయెను, దేవతామూర్తులు భగ్నములయ్యెను. అట్టికాలమున గోదావరీప్రాంతమున రేకపల్లిని నెలవు చేసికొని ముసునూరి ప్రోలయనాయకుడు ప్రతిఘటించెను. ఆతని యనంతరము పినతండ్రికొడుకగు కాపయ ప్రముఖుడై, 1336 ప్రాంతమున ఓరుగల్లునుండి ఢిల్లీవారి యధికారి మాలిక్ మక్బూలును వెడలగొట్టెను. ఆంధ్రదేశాధీశ్వరుడు, ఆంధ్రసురత్రాణుడు అను బిరుదములాతనికి శాసనములందున్నవి.

ఇంతవఱకు జూచినచో నది విజయగాథయే. ఆ పిమ్మటి కథ వేఱు. ఢిల్లీ కెదురుతిరిగిన దౌలతాబాదు అమీరులకు కాపయ సహాయము చేసెను. ఆ తిరుగుబాటువలన 1347లో బహమనీరాజ్యమేర్పడెను. తాను నిలువబెట్టిన పొరుగువాడే కొలది వత్సరములలో తనపై దండెత్తి కౌలాసుకోటను గైకొనెను. తండ్రి పంపున కౌలాసును మరల సాధింపబూనిన కుమారుడు వినాయకదేవుడు బందీయై చంపబడెను. పిమ్మట గోలకొండయు పోయెను. ఓరుగంటిలో ముహమ్మదు తుగ్లకునకై చేయించియుంచిన పిరోజారత్నఖచితమగు సింహాసనమొకటి కాపయ బహమనీ సుల్తానునకు గానుకగా బంపెనని ఫెరిస్తా వ్రాసినాడు. తుదకు సుమారు 1368లో భీమవరముకడ రేచర్ల అనవోతనాయకునితోడి యుద్ధమున కాపయ హతుడయ్యెను. పరరాజులు కాదు, తెలుగువారే యాతనిని గడతేర్చిరి.

సప్తసంతానములతో నీ జీవితమును గొలిచి చూడవలెను. తనయుడు తండ్రికంటె ముందే పోయెను. నిధానమనదగిన సింహాసనము శత్రువుపాలయ్యెను. కృతి యొకటియు కాపయ కంకితమైనట్లు లేదు. అందుకు భిన్నముగ ఆతనిని జయించిన అనవోతుని కుమారుడు సింగభూపాలుడు సర్వజ్ఞుడని పేరొంది రసార్ణవసుధాకరమను నలంకారగ్రంథమునకు కర్తయయ్యెను. శాస్త్రముగల యింట కీర్తి తేలికగా నిలిచినది. కోటలు చేజాఱినవి, వంశము నశించినది. ఫెరిస్తా వంటి చరిత్రకారుడు బిజాపురమున గూర్చుండి రెండువందలయేండ్లకు పైబడిన తరువాత వ్రాయునప్పుడు కాపయ కప్పము గట్టిన యొక చిన్నరాజుగా మాత్రమే కనబడుటలో వింత లేదు. ఏనుగులను, హొన్నులను, సింహాసనపు రత్నములను ఆతడు లెక్కించెను. లెక్కించిన వస్తువులను బట్టియే తీర్పు వచ్చును.

ఇక వేఱొక లెక్క కలదు. కాపయ మరణించిన యేబదియైదు సంవత్సరములకు, 1423లో, రాజమహేంద్రవరపు రెడ్డిరాణి యనితల్లి కలువచేఱు తామ్రశాసనమును వేయించెను. ఈమె కాటయవేముని కూతురు, వీరభద్రారెడ్డి దేవేరి. ముసునూరివారితో నామెకు వంశసంబంధము లేదు. కాపయను పొగడుటవలన నామెకు రాబడియు లేదు. ముసునూరివంశము నాటికి రూపుమాసినది. అయినను తన వంశకథను జెప్పబూనిన శాసనములో ప్రోలయ, కాపయల నామె మఱవలేదు. డెబ్బదియైదుగురు నాయకులు కాపయను సేవించిరనియు, హరింపబడిన యగ్రహారములను మరల నిచ్చి రక్షించెననియు, ఆతడు స్వర్గతుడైన పిదప నాయకులు తమతమ పురములకు మరలి తమ భూములను గాచుకొనిరనియు నది తెలుపుచున్నది. పరాజితుని జీవితమునుగూర్చి యిట్టి వాక్యములు మన శాసనములలో నరుదు. మిత్రులు ప్రతికినకాలమున పొగడుట సహజము. పొగడ్తవలన లాభములేని తరమున, పరాయి యింటి యాడుపడుచు లోహముపై జెక్కించిన మాటకు వేఱు విలువ యున్నది.

అనితల్లి కొలిచినదేమి? కాపయ కొత్తగా గట్టినదానిని కాదు, చెడినదానిని మరల నిలువబెట్టుటను. 1357 నాటి పిల్లలమఱ్ఱి శాసనము కూడ దీనికి సాక్ష్యమిచ్చును. తురుష్కదండయాత్రలో భగ్నమైన శివలింగమును కాపయ పరివారములోని యొక లెంక మరల ప్రతిష్ఠించినట్లది చెప్పుచున్నది. సప్తసంతానముల పట్టికలో జీర్ణోద్ధరణమునకు ప్రత్యేకస్థానము లేదు. ఒకరు కన్న బిడ్డను వేఱొకరు సాకినట్లు, ఒకరి చెఱువునకు వేఱొకరు గండి పూడ్చినచో ఫలమెవరిదను విషయమున ధర్మశాస్త్రకారులు కొంత చర్చించిరి. పాతదానిని బాగుచేయుట కొత్తదానిని గట్టుటకంటె నెక్కుడు పుణ్యమనువారును గలరు. కాని లోకవ్యవహారమున పేరెప్పుడును మొదట గట్టినవానిదే. కాపయ జీవితమునకు గలిగిన యపకీర్తిలో నొక భాగమునకు కారణమిదియేయని తోచును. ఆతని పని ముందువారు నిర్మించిన సమాజమును కూలకుండ కొంతకాలము పట్టియుంచుట. స్తంభము నాటిన చోటు కనబడును గాని, పడకుండ పట్టినచేయి కనబడదు.

ఇట్టి చేయి చరిత్రపుటలలో చేరుటకు చాలకాలము పట్టినది. 1945లో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ముసునూరినాయకులనుగూర్చిన యాంగ్లగ్రంథమును వెలువరించి దానికి 'ఆంధ్రచరిత్రలో మఱవబడిన ప్రకరణము' అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. అంతకుముందు కాకతీయులకును రెడ్డిరాజులకును నడుమ చీకటి యున్నదని సామాన్యపాఠకుని భావన. మూడు నాలుగు రాగిరేకులు లేకున్నచో నా చీకటి నేటికిని తొలగకుండెడిది. పిరోజా సింహాసనమో, బహమనీవంశపు కడపటిదినములలోనే రత్నములూడ్చబడి విచ్ఛిన్నమయ్యెను. రత్నములకంటె రాగి చిరకాలముండుట యీ కథలోని చమత్కారము.

కాపయ తరువాత రమారమి రెండువందలయేండ్లకు ఈ సీమలోనే, బిక్కనవోలు ప్రభువగు కామినేని మల్లారెడ్డి కలము పట్టెను. పదునాఱవ శతాబ్దపు టుత్తరార్ధమున, గోలకొండ కుతుబుషాహీల యేలుబడికాలమున ఆతడుండెను. షట్చక్రవర్తిచరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము ఆతని కృతులు. సాధారణముగ ప్రభువు కృతిపతి యగును, కవి కృతికర్త యగును. ఈతడు ప్రభువై యుండి తానే కృతికర్త యయ్యెను. సంతానమును గొనితెచ్చుకొనక కన్నవాడనదగును. 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండకవుల సంచికను బ్రకటింపవలసివచ్చుటకు కారణము నిజామురాష్ట్రమున కవులు లేరను నిందయే. ఆ నిందకు దీటుగ మున్నూటయేబదినలుగురు కవులు ఆ సంచికయందు ప్రత్యక్షమైరి. అట్టి నింద పుట్టగలిగిన దేశముననే నాలుగువందలయేండ్లకు ముందు మల్లారెడ్డివంటి రాజకవి యుండెననునది తలపదగినది.

షట్చక్రవర్తులనగా హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యార్జునుడు. ఈ యార్గురను ఆదర్శచక్రవర్తులుగ లెక్కించు సంప్రదాయము మల్లారెడ్డికంటె బ్రాచీనమైనది. ఐనను, ఒక చిన్న సంస్థానమునేలుచు గోలకొండ ప్రభువులకు లోబడియున్న మనుష్యుడు ఈ కథలనే కావ్యవస్తువుగ నెన్నుకొనుట యూరకయే జరిగియుండదు. ఆ పురాణకథలను వరుసగ తలచుకొన్నచో నొక విశేషము స్ఫురించును. హరిశ్చంద్రుడు రాజ్యమును, భార్యను, కొడుకును గోల్పోయి కాటికాపరి యయ్యెను. నలుడు జూదమున సర్వమును గోల్పోయి యడవులపాలై, వికృతరూపముతో పరులకొలువున రథసారథ్యము నెఱపెను. పురూరవునకు ఊర్వశి దక్కలేదు. కార్తవీర్యుడు వేయిచేతులుండియు పరశురామునిచే హతుడయ్యెను. సగరుని యఱువదివేల కొడుకులు కపిలుని చూపునకు బూడిదయైరి. చక్రవర్తులని పేరుపొందిన యార్గురిలో దాదాపందఱును పరాజయమునో వియోగమునో చవిచూచినవారే. విజయములచేతనే చక్రవర్తిత్వము నిర్ణయమగునేని యీ పట్టికలో దిలీపుడో, రఘువో యుండవలెను.

సగరుని కథ సప్తసంతానవాదమునకు మఱియొక చిక్కు తెచ్చును. పుత్రసంఖ్యలో సగరుని మించినవాడు లేడు. అఱువదివేలమందియు నశించిరి. వారి సద్గతికై అంశుమంతుడు, దిలీపుడు ప్రయత్నించి విఫలులై మరణించిరి. భగీరథునికి గాని గంగ దిగిరాలేదు. నడుమనున్న యంశుమంతుని తపస్సు వ్యర్థమా? పురాణము వ్యర్థమని చెప్పదు. పని యొకని యాయువులో ముగియవలెనను నియమము పురాణమునకు లేదు. సగరపుత్రులు గుఱ్ఱమునకై నేలను త్రవ్వుటవలన సముద్రమునకు సాగరమను పేరు వచ్చినది. చచ్చిపోయిన కొడుకులు కాదు, వారు త్రవ్విన గొయ్యి తండ్రిపేరును నిలిపినది. తెలుగుదేశమున పెద్దచెఱువునకెల్ల సాగరమని పేరిడు నాచారము వాడుకయైనది. అనంతరాజసాగరమట్టిదే. మల్లారెడ్డి కాలమునకు మూడువందలయేండ్ల పిదప మంజీరపై వెలసిన జలాశయమును నట్టిదే.

దానిని జెప్పుటకు ముందు కౌలాసునందలి మఱియొక జీవితమును స్మరింపవలెను. 1857 నాటి తిరుగుబాటుకాలమున కౌలాసు రాజపుత్రప్రభువు రాజా దీప్‌సింగు, నరఖేడు రంగారావు పాగేతోను సఫ్దరుద్దౌలాతోను గలసి ఆంగ్లేయులపై జేయబూనిన యత్నమున పాల్గొన్నట్లు తేలినది. రంగారావు నానాసాహేబుపక్షమువారితో మాటలాడుటకై యుత్తరదేశమునకు బోయివచ్చినవాడు. యత్నము పక్వము కాకమునుపే బయటబడెను. రంగారావునకు విధింపబడిన మరణశిక్ష ద్వీపాంతరవాసముగ మాఱి, ఆతడు 1860లో అండమానులందు మృతినొందెను. దీప్‌సింగు మూడేండ్ల చెఱనుభవించెను, జాగీరు జప్తు చేయబడెను. ఇచ్చట చెఱువు లేదు, కృతి లేదు, గుడి లేదు. శకుంతల సోపానమున కడపటిమెట్టుగ నున్న మాటకు నిలుచుట యొక్కటే కొలువదగినది. నిజాముప్రభుత్వము ఆంగ్లేయులకు విధేయమై యుండగా, తన జాగీరును గాపాడుకొనుటకు ఊరకుండిన చాలునని తెలిసియు ఊరకుండని ప్రభువు ఆతడు. సుఖియైయుండుట సాఫల్యసాధనమని పొరుమామిళ్ల శాసనకర్త లెక్కించిన పట్టికతో నీ జీవితమును గొలువరాదు.

మంజీర కడ్డముగ పిట్లమునకు తూర్పున నిజాముసాగరమును గట్టుట 1923లో నారంభమై 1931లో ముగిసినది. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుట సంకల్పము. నిర్మాణమునకు ప్రధానస్థపతి నవాబు అలీ నవాజు జంగు బహద్దరు. 1877లో హైదరాబాదున జన్మించి, ఇంగ్లండులో కూపర్సుహిల్లు కళాశాలయందు విద్యనభ్యసించి, ఉస్మానుసాగరము, హిమాయతుసాగరము, నిజాముసాగరములను నిర్మించిన యీయన 1949లో గతించెను. జాతీయప్రణాళికాసంఘము 1938లో నేర్పడినప్పుడు నదులు, సేద్యపునీటి విషయమై యుపసంఘమున కధ్యక్షుడుగ నెన్నబడినవాడును నీయనయే. మూడు జలాశయములకును ఆసఫుజాహీవంశపు పేళ్లే పెట్టబడినవి. ఒకదానికిని కట్టినవాని పేరు లేదు. కీర్తికాంక్షగల రాజు మొదటి సాధనమని 1369లో జెప్పినది 1931లోను దప్పలేదు. జలశాస్త్రపండితుడు రెండవ సాధనమగుటయు నట్లే. తెలంగాణరాష్ట్రమేర్పడిన 2014వ సంవత్సరమునుండి ఆయన పుట్టినదినమగు జూలై 11ను తెలంగాణ స్థపతుల దినముగ ప్రభుత్వము జరుపుచున్నది. కట్టించినవాని పేరు మొదటినాటినుండియు, కట్టినవాని పేరు ఎనుబదియేండ్ల తరువాతను వ్యవహారమునకు వచ్చినవి.

తటాకసంతానమున కొక కలిమియు నొక లేమియు నున్నవని నిజాముసాగరము తెలుపుచున్నది. కాలువలక్రింద వరియు చెఱకును బండినవి. చెఱకును నమ్ముకొని బోధనులో 1937లో నిజాము చక్కెరకర్మాగారము వెలసినది. ఆ సమృద్ధికి ముందు నీటిలో మునిగిన గ్రామములనేకములున్నవి. ఆ గ్రామములలోని గుడులు, మామిడితోటలు, పూర్వులు త్రవ్వించిన నూతులు, చిన్నచెఱువులు అన్నియు సప్తసంతానములే. ఒక మహాసంతానము పుట్టుటకు వందలకొలది చిన్నసంతానములు మునుగవలసివచ్చెను. ఏడింటి పట్టిక నిర్మించినవారు ఒక సంతానము వేఱొకదానిని మ్రింగునని తలపలేదు. గట్టు క్రిందివాడు స్థపతిని తలచుకొని దీపము పెట్టవచ్చును. మునిగిన యూరివాడు ఏమి పెట్టునో లెక్కలలోనికి రాదు. ఈ రెండు కన్నులతోను జూడక నవాబుగారి జీవితమును సఫలమనుట గాని, కాదనుట గాని తొందరపాటు.

లేమి రెండవది యొండ్రు. కట్టిననాడు సుమారు 2,970 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టిన జలాశయము నదితెచ్చిన యొండ్రువలన పూడి, తరువాత మట్టము పెంచినను నేడు 1,780 కోట్ల ఘనపుటడుగులు మాత్రమే పట్టుచున్నది. ఎగువ సింగూరు జలాశయము వచ్చినపిమ్మట దిగువకు జేరు నీరును దగ్గెను. బోధను కర్మాగారము 2015లో మూతపడెను. తటాకమునకు వృద్ధాప్యమున్నది, కర్మాగారమునకు మరణమున్నది. కృతికి మాత్రము ఖిలత్వము లేదన్న రాయలవారి మాట యిచ్చట జ్ఞప్తికి రాకపోదు. కాని కృతియు వ్రాయసగాండ్రు మాటిమాటికి ప్రతులు వ్రాసినందువలననే మిగిలినది. చెఱువునకు గండిపూడ్చువాడెట్లో, తాళపత్రమునకు ప్రతివ్రాయువాడట్లు. ఏడు సంతానములలో దేనికిని స్వయముగ నిలుచు శక్తి లేదు. తరువాతి తరమువాడు దానిని దనదిగ స్వీకరించినచో నిలుచును, లేనిచో రాళ్లకుప్ప యగును. కాపయ చేసినది యా స్వీకారమే; అనితల్లి గుర్తించినదియు నదియే.

ఇదంతయు పేరుగలవారి మాట. పొరుమామిళ్లలో రెండేండ్లు మన్ను మోసిన వేయిమంది మాట యేమి? ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వెలువరించుటకు ముఖ్యకారణము, రాజుల యుద్ధములే చరిత్ర కాదనియు, మనుష్యులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యనునది తెలియవలెననియు దోచుటయే. సప్తసంతానములలో ఆ వేయిమందికి సాధ్యమైనది తనయు డొక్కడే. ఆ తనయుడును మఱియొక గట్టుపై మన్ను మోసినవాడే కావచ్చును. భాస్కరుని శాసనము వారి పేళ్లను జెప్పలేదు, సంఖ్యను మాత్రము చెప్పినది. మన శాసనములలో తటాకము కట్టించినవాని వంశావళి పదితరములు సాగును, కూలివాని సంఖ్యయైన పలికినవి కొలదిగ నుండును. ఆ విధముగ జూచినచో పొరుమామిళ్ల శాసనకర్త తనకు దెలియకయే యొక న్యాయము చేసినాడు. కీర్తికాంక్ష మొదటి సాధనమని వ్రాసినవాడే, నేర్పరులగు పనివాండ్ర సమూహమును ఆ పండ్రెండింటిలో జేర్చుట మఱవలేదు.

ఆఱు దోషములలో రెండు రాజ్యముల యెల్లలోనుండుట యొకటియని ముందు చెప్పబడినది. కౌలాసున కా దోషము పుట్టుకతోడనే వచ్చినది. తెలుగురాజులకును బహమనీలకును నడుమ, పిమ్మట నేటివఱకును తెలుగు, మరాఠీ, కన్నడముల కలయికయందు ఆ కోట నిలిచియున్నది. కోటకు నీటియెల్ల దోషమయ్యెనేమో గాని నీటికి కోటయెల్ల దోషము కాలేదు. ఏ దుర్గమును మరల సాధింపబూని వినాయకదేవుడు ప్రాణములు విడిచెనో, ఆ దుర్గముపేర కౌలాసువాగుపై నొక జలాశయము వెలసినది. ఆ నీరు జుక్కలుసీమ పొలములకు బాఱుచున్నది.